స్పిండిల్‌కి పెట్టిన బొట్టు

రెండు మాటల అబద్ధం ఒకటి ఏళ్ళ తరబడి నాలో ఉంది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకి చెప్పలేదు. గుళ్ళో దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా దాన్ని తప్పించి మిగతావన్నీ చెప్పుకున్నాను. కొంతకాలానికి అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. దసరా దగ్గర పడితే చాలు, ఎక్కడైనా తడి పసుపు వాసన తగిలితే చాలు, అది లోపల కదులుతుంది. అన్నం తింటూ ఉన్నవాణ్ణి అలా ఆగిపోతాను. ఏమైందని మా ఆవిడ అడుగుతుంది. ఏమీ లేదంటాను. అది ఇంకో అబద్ధం.

మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికి చెప్పడం తేలికని మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాసేసరికే అదీ తేలిక కాదని తెలిసింది.

నా పేరు రాయను. పేరు దాచుకుని ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడమని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అదే అడిగాను. నాతో పాటు ఇందులో మరికొందరున్నారు, వాళ్ళని అడక్కుండా బజారున పెట్టే హక్కు నాకు లేదు. అందుకని పేర్లన్నీ మార్చాను. నష్టపోయిన మనిషిని రాంబాబు అందాం. కానీ అతనికి పడిన మారుపేరు మాత్రం మార్చలేదు. ఆ మారుపేరుతో అతన్ని పిలిచి నవ్వినవాళ్ళు ఇది చదివితే, అతనెవరో, నేనెవరో వాళ్ళకి తెలిసిపోతుంది. తెలియాలనే రాస్తున్నాను.

నేను ఏలూరులో ఒక దినపత్రికలో చాలా ఏళ్ళు పనిచేశాను. జిల్లా వార్తలు. కాలువ నీళ్ళ తగాదాలు, కొల్లేరు గట్లు, పెదవేగి వైపు పామాయిల్ గెలల ధరలు, రోడ్డు ప్రమాదాలు. జిల్లా పేజీలు తగ్గిపోతున్న రోజుల్లో మాలాంటి వాళ్ళని మర్యాదగానే ఇంటికి పంపారు. అప్పుడు ప్రసాద్‌గారు పిలిచారు. ఆయన నాకు కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు. గణపవరం దగ్గర వ్యవసాయ కుటుంబం. చేపల చెరువులు తవ్వించమని అందరూ చెబుతుంటే వినకుండా, తాడేపల్లిగూడెంలో సీఎన్‌సీ రౌటర్ అనే కంప్యూటర్ యంత్రం పెట్టి తలుపులు, పూజ మందిరాలు, నేమ్ బోర్డులు చెక్కే షాపు తెరిచారు.

"పంతులుగారూ, ఖాళీగా కూర్చుని ఏం చేస్తారండీ? మావాళ్ళు మొన్న ఒకాయన ఇంటి పేరునే తప్పు చెక్కేశారు. ఆయన తలుపు వెనక్కి పంపించేశాడు. అక్షరాలు చూసిపెట్టే మనిషి కావాలి, రండి" అన్నారు.

అలా రోజూ ఏలూరు నుంచి రైల్లో వెళ్ళి రావడం మొదలైంది. నేను చెక్కబోయే అక్షరాలు చూసేవాణ్ణి, వచ్చిన వాళ్ళతో మాట్లాడేవాణ్ణి. యంత్రం నడపడం రాంబాబు పని.

ఆ యంత్రాన్ని చూడని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మంచం కన్నా పెద్ద ఇనుప బల్ల. దాని మీద అడ్డంగా ఒక వంతెన లాంటిది పట్టాల మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంది. ఆ వంతెనకి వేలాడుతూ స్పిండిల్ అనే మోటారు ఉంటుంది. దాని మూతికి బిగించిన చిన్న ఉక్కు బిట్టు గిర్రున తిరుగుతూ, కంప్యూటర్లో గీసిన బొమ్మని చెక్కలో తొలుస్తుంది. అంత పెద్ద యంత్రానికీ కళ్ళు లేవు. చెక్క పైభాగం ఎక్కడుందో దానికి మనం చెప్పాలి. అందుకు ఒక పద్ధతి ఉంది. స్పిండిల్ మూతి దగ్గర ఉన్న నట్టుకి ఒక వైరు తాలూకు అయస్కాంతం అంటిస్తారు. ఇంకో వైరున్న చిన్న లోహపు ప్లేటుని చెక్క మీద పెడతారు. స్పిండిల్ మెల్లగా కిందికి దిగుతుంది. బిట్టు ప్లేటుని తాకగానే కరెంటు కలిసి, తాకిందని యంత్రానికి తెలుస్తుంది, ఆగుతుంది. అయస్కాంతానికీ నట్టుకీ మధ్య ఏదైనా చేరితే? తాకినా తెలియదు. ఆగదు.

రాంబాబుది మండవల్లి వైపు. కొల్లేటి ఒడ్డున వాళ్ళ అన్నదమ్ములందరికీ చేపల చెరువులే పని. అతనికి ఆ వాసన పడదు. "పుట్టినకాడి నుంచీ అదే వాసనండీ. బడికెళ్తే పక్కన ఎవడూ కూర్చునేవాడు కాదండీ. ఇక్కడ చూడండి, టేకు పొడి! సెంటు కొట్టుకున్నట్టుంటది" అని పొడిని గుప్పిట్లోకి తీసుకుని నా ముక్కు దగ్గర పెట్టేవాడు. గొప్పలు చెప్పుకునేవాడు. ఆలస్యంగా వచ్చేవాడు. పండగలకి స్నేహితులతో కలిసి తాగేవాడు, అది దాచుకునేవాడు కాదు. కానీ యంత్రం దగ్గరికి వచ్చాక వేరే మనిషి. పొద్దున్నే గాలి గొట్టంతో పట్టాల మీద పొడి ఊదేసి, గ్రీజు పెట్టి, స్పిండిల్ని చల్లబరిచే నీళ్ళు చూసి, నట్టు విప్పి లోపల గుడ్డతో తుడిచాక గానీ స్విచ్చి వేసేవాడు కాదు. ప్లేటు కింద పెట్టే ముందు ప్రతిసారీ దాన్ని చేత్తో పైకెత్తి బిట్టుకి తాకించి చూసేవాడు. తెర మీద చిన్న ఆకుపచ్చ లైటు వెలిగితే అంతా సరిగ్గా ఉన్నట్టు. "వెలిగిందండీ" అని పైకి అనేవాడు. పక్కన ఎవరుంటే వాళ్ళతో. ఎవరూ లేకపోతే యంత్రంతో.

మా షాపులో ఆయుధపూజ నా చేతుల మీదుగా జరిగేది. మా నాన్నగారు ఏలూరులో పౌరోహిత్యం చేసేవారు. నేను ఆ వైపు వెళ్ళలేదు. చిన్నప్పుడు ఆయన వెంట తిరిగి నేర్చుకున్న మంత్రాల్లో సగం మర్చిపోయాను. అయినా ప్రసాద్‌గారు బయటి నుంచి ఎవరినీ పిలవనిచ్చేవారు కాదు. నిజం చెబుతున్నాను, అది నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఏడాది పొడుగునా ఆ షాపులో నేను దీర్ఘాలు, ఒత్తులు చూసే మనిషిని. నన్ను అడక్కుండానే పని సాగిపోయే రోజులే ఎక్కువ. ఆ ఒక్కరోజు మాత్రం నేను చెప్పిందే జరగాలి.

ఆ ఏడాది నేను పసుపూ గంధమూ కలిపి ముద్ద చేసి పళ్ళెంలో పెట్టుకుని యంత్రం దగ్గరికి వచ్చేసరికి రాంబాబు అడ్డం నిలబడ్డాడు.

"పంతులుగారండీ, ఒక్క మాటండీ. ఈ ఇనప చట్రానికి ఎన్ని బొట్లు కావాలంటే అన్ని పెట్టుకోండి. కంప్యూటరు పెట్టెకి పెట్టుకోండి. పట్టాలకి మాత్రం వద్దండీ. ఇదిగో, ఈ మూతి దగ్గర అసలొద్దండీ. అయస్కాంతం అంటించేది ఇక్కడే. మధ్యలో పసుపు చేరిందంటే దీనికి తాకింది తెలీదండీ."

బిగింపు పనులు చేసే వడ్రంగి సూర్యం మా అందరికన్నా పెద్దవాడు. అతను ఊరుకోలేదు. "ఓరి నీ తెలివి తగలెయ్యా! పంతులుగారికే పూజ నేర్పుతున్నావేంట్రా? రేపు నీ పెళ్ళిలో తాళి ఎక్కడ కట్టాలో కూడా నువ్వే చెబుతావేంటి?"

"పిల్ల దొరికితే అదీ చెబుతానండీ, ఆయ్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వులో ఎక్కడో నాకు గుచ్చుకుంది. ఎందుకు? అతను తప్పేమీ అనలేదు, మర్యాదగానే అన్నాడు, అతని యంత్రం గురించి అతను చెప్పాడు, అది అతని పని. అయినా ఆ ఒక్కరోజు కూడా నాకు ఒకరు చెప్పాలా అనిపించింది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు వెంటాడుతుందని అప్పుడు తెలిస్తే, ఆ రోషాన్ని అక్కడే మింగేసి ఉండేవాణ్ణి.

గుమ్మడికాయ తేవడానికి రాంబాబు బయటికి వెళ్ళాడు. నేను చట్రానికి బొట్లు పెడుతూ స్పిండిల్ దగ్గరికి వచ్చాను. యంత్రానికి ముఖం ఏది? నా కంటికి అదే ముఖంలా కనిపించింది. ముఖాన బొట్టు లేకుండా పూజేమిటి? మా నాన్నగారు ఉంటే అలా వదిలేసేవారా? ఇవన్నీ ఆ క్షణంలో నేను నిజంగా అనుకున్నానో, తర్వాత నాకు నేను చెప్పుకోవడానికి పోగు చేసుకున్నానో ఇప్పుడు విడదీసి చెప్పలేను. మర్చిపోయి పెట్టానా? లేదు. అతని మాట చెవిలో ఉంది. చెవిలో ఉండగానే ముద్ద తీసి నట్టు మీద అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను.

గుమ్మడికాయతో అతను గుమ్మంలోకి రావడం చూశాను. వెంటనే బొటనవేలితో ఎర్రదనం తుడిచేశాను. పసుపు మాత్రం నట్టు గాడిలోకి ఇంకిపోయింది. ఆరితే రాలిపోతుందిలే అనుకున్నాను. పైగా అంత పొడి పేరుకునే చోట కాస్త పసుపు ఎవరికి కనిపిస్తుంది? హారతిచ్చాను. గుమ్మడికాయ కొట్టాం. ప్రసాద్‌గారు స్వీట్లు పంచారు.

సెలవు తర్వాత మొదటి పని ఒక పూజగది తలుపు. మంచి టేకు. తామరపూలు, గంటలు, పైన ఒక వరుస అక్షరాలు. ఆ అక్షరాల కోసమే నేను యంత్రం పక్కన నిలబడ్డాను. రాంబాబు ఆలస్యంగా వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సూర్యం చూసి "దసరా ఇంకా దిగినట్టు లేదేంట్రా బాబూ!" అన్నాడు. "దిగిందండీ, నిద్ర చాల్లేదంతే" అని నవ్వుతూ గాలి గొట్టం అందుకున్నాడు.

పట్టాలు ఊదాడు. నట్టు విప్పి లోపల గుడ్డతో తుడిచి బిగించాడు, బయటి గాడి వైపు చూడలేదు. అయస్కాంతం నట్టుకి అంటించాడు. ప్లేటు పైకెత్తి బిట్టుకి తాకించాడు. తెర మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. నా వైపు తిరిగి "వెలిగిందండీ, పంతులుగారూ" అన్నాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం నాకు బాగా గుర్తు. ఎందుకంటే అప్పుడు నాకు పసుపు కూడా గుర్తొచ్చింది. లైటు వెలిగింది కదా, ఫరవాలేదన్నమాట, అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అయస్కాంతం ఎండిన పసుపు పెచ్చు మీద ఒక అంచు ఆనించి నిలబడిందని నాకు తర్వాత అర్థమైంది. వైరు కాస్త లాగినా ఆ అంచు వదిలేస్తుంది. స్పిండిల్ దిగుతుంటే వైరు లాగుతుంది.

నున్నటి టేకు మీద ప్లేటు జారుతోందని రాంబాబు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఇంకో చేత్తో బటన్ నొక్కాడు. స్పిండిల్ మెల్లగా దిగింది. తాకింది. ఆగలేదు. అదేమీ పెద్ద వేగం కాదు, చూస్తూ ఉండగలిగేంత నెమ్మది. టక్కుమని బిట్టు విరిగింది. ప్లేటు ఒక పక్కకి లేచి, అతని చూపుడు వేలుని తలుపుకి అదిమేసింది. స్పిండిల్ ఇంకా దిగుతూనే ఉంది. యంత్రాన్ని ఆపే ఎర్ర బటన్ నా మోచేతి పక్కనే ఉంది. నొక్కింది నేను కాదు. వేలు అక్కడ ఇరుక్కుని ఉండగా ఒళ్ళంతా సాగదీసి అతనే నొక్కాడు.

సూర్యం అతన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. షాపంతా అటు పరిగెత్తింది. యంత్రం దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. ఆ తర్వాత చేసిన పని గురించి ఆలోచించడానికి నాకు సమయం లేదని చెప్పుకోలేను. ఉంది. అయస్కాంతం తీశాను. జేబురుమాలు థిన్నర్లో ముంచి నట్టు చుట్టూ, గాడి లోపలా తుడిచాను. రుమాలు పచ్చబడింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి నేనే ఉతుక్కున్నాను.

బొట్టు పెట్టడం పొగరు. అంతవరకూ నన్ను నేను క్షమించుకోగలనేమో. ఆ రుమాలుని ఏ పేరుతో పిలవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రసాద్‌గారు గణపవరం నుంచి వచ్చేసరికి రాంబాబు వేలికి కట్టుతో బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. తలుపు మధ్యలో ప్లేటు దిగబడిన గుంట. స్పిండిల్ చేత్తో తిప్పితే లోపల గరగరమంటోంది. ఆయన అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే బాగుండేదేమో.

"తాకించి చూశావా లేదా?"

"చూశానండీ. లైటు వెలిగిందండీ."

"వెలిగితే ఎందుకు ఆగదు రా?"

"అదే తెలీట్లేదండీ. నేను చూశానండీ, ఒట్టు. పంతులుగారు పక్కనే ఉన్నారండీ. ఆయనతోనే అన్నాను కదండీ."

ప్రసాద్‌గారు నా వైపు తిరిగారు. "ఏవండీ పంతులుగారూ, వీడు చూశాడా?"

"నేను గమనించలేదండీ" అన్నాను.

అదీ ఆ అబద్ధం. అండీతో కలిపి రెండే మాటలు. రాంబాబు నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేనేదో పొరబడ్డానని, ఒక్క క్షణం ఆగితే సర్దుకుంటానని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. "అదేంటండీ, మీరు తల కూడా ఊపారు కదండీ" అన్నాడు. "నేను తెర మీద అక్షరాలు చూసుకుంటున్నాను, రాంబాబూ" అన్నాను. నేను పెద్దవాణ్ణి. పేపర్లో పనిచేసినవాణ్ణి. నా మాటకి ఎదురు మాట చెప్పడం అతనికి రాదు.

ఎందుకు అలా అన్నాను? ఉద్యోగం పోతుందని కాదు, ప్రసాద్‌గారు నన్ను పంపించేవారు కాదు. నవ్వుతారని. అందరి ముందూ అతను వద్దని చెప్పిన పనే చేశానని తెలిస్తే సూర్యం ఏమంటాడో ఊహించుకున్నాను. వచ్చే ఏడాది పూజకి ఇంకెవరినో పిలుస్తారని ఊహించుకున్నాను. అంతే. ఒక మనిషి చేతిపని పోవడానికి నా దగ్గరున్న కారణం అంతే.

విలేకరిగా ఎన్నో ప్రమాదాల గురించి రాశాను. డ్రైవర్ నిర్లక్ష్యమే కారణమని తెలుస్తోంది, అని చివర ఒక వాక్యం చేర్చేవాణ్ణి. తెలుస్తోంది అంటే ఎవరికి తెలుస్తోంది? ఆ డ్రైవర్లలో ఎంతమందిని నేను అడిగాను? స్టేషన్లో చెప్పింది రాసుకుని బస్సెక్కేవాణ్ణి. రాంబాబు విషయంలో మాత్రం నాకు నిజంగానే తెలుసు. తెలిసి కూడా, ఆ వారమంతా షాపుకి వచ్చి అడిగిన వాళ్ళకి, కాస్త నిర్లక్ష్యం జరిగిందండీ, అని చెప్పాను.

కొత్త స్పిండిల్ వచ్చేదాకా ఇంటి దగ్గర ఉండమని ప్రసాద్‌గారు అతనికి చెప్పారు. స్పిండిల్‌తో పాటు కొత్త ఆపరేటర్ కూడా వచ్చాడు. రాంబాబు తాడేపల్లిగూడెంలోనే వేరే షాపులు తిరిగాడు. ఏలూరు వచ్చాడు. ఈ పని చేసేవాళ్ళు అందరూ అందరికీ తెలుసు. సూర్యం సరదాకి అన్న మాట అతనికన్నా ముందే ఆ షాపులకి చేరింది. "ఎవరు, దసరా బాబేనా? వద్దండీ బాబూ, మా మిషను బాగానే ఉంది" అని ఒకాయన మా షాపుకొచ్చి చెప్పి నవ్వాడు. దసరా బాబు. అందరూ నవ్వారు. ఈసారి కూడా నేను నవ్వాను.

అతను మండవల్లి వెళ్ళిపోయాడని, అన్నల చెరువు చూసుకుంటున్నాడని ఎవరో చెబితే విన్నాను. ఆ సాయంత్రం రైలు దిగి ఇంటికి వెళ్ళకుండా ఏలూరు స్టేషన్ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. వెళ్ళి చెప్పాలనుకున్నాను. మర్నాడు అనుకున్నాను. తర్వాత పండగలయ్యాక అనుకున్నాను. ఏళ్ళు గడిచాయి. ప్రతి ఆయుధపూజకీ చట్రానికి మాత్రమే బొట్లు పెడుతూ వచ్చాను. స్పిండిల్ జోలికి వెళ్ళలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇది ఇలాగే నాతో పాటు పోయేదేమో. ఈమధ్య ఒకరోజు షాపులో మళ్ళీ బిట్టు విరిగింది. ఇప్పటి ఆపరేటర్ నెమ్మదస్తుడు, కొంచెం బద్ధకం. నట్టు దగ్గర టేకు పొడి గ్రీజుతో కలిసి పేరుకుపోయింది. అయస్కాంతం సరిగ్గా అంటలేదు. స్పిండిల్ ఆగలేదు. ఈసారి ఎవరి వేలూ కింద లేదు. ప్రసాద్‌గారు వచ్చి చూసి, "మిషనన్నాక ఇలాంటివి జరుగుతాయిలే. అక్కడ ఏదో చేరి ఉంటుంది. తుడుచుకుని మొదలెట్టు" అని లోపలికి వెళ్ళిపోయారు.

అంతే.

అక్కడ ఏదో చేరింది. ఆ రోజు నేను చెప్పాల్సింది ఆ ఒక్క మాటే. చెప్పి ఉంటే అంతటితో పోయేది. సూర్యం ఒక పండగంతా నన్ను ఏడిపించేవాడు, ప్రసాద్‌గారు తల కొట్టుకునేవారు, రాంబాబు మర్నాడు గాలి గొట్టం అందుకునేవాడు. ఇన్నేళ్ళూ నేను ఏదో పెద్ద శిక్ష తప్పించుకున్నాననుకున్నాను. తప్పించుకోవడానికి అక్కడ ఏ శిక్షా లేదు.

ఆ ఆదివారం బస్సులో కైకలూరు మీదుగా మండవల్లి వెళ్ళాను. అడిగితే చెరువు చూపించారు. రాంబాబు గట్టు మీద మేత సంచులకి తాళ్ళు కడుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి గబగబా చేతులు కడుక్కున్నాడు, చొక్కా తొడుక్కున్నాడు. "పంతులుగారండీ! ఎన్నాళ్ళకండీ! కూర్చోండి, కూర్చోండి. వాసన కొడతదేమో, ఇటు గాలి వైపు రండి" అని తన కుర్చీ జరిపి వేశాడు. కొబ్బరిబొండం తెప్పించాడు. అందరినీ పేరు పేరునా అడిగాడు. సూర్యం మోకాళ్ళ గురించి అడిగాడు. యంత్రం పట్టాలు మార్చారా అని అడిగాడు.

నేను మొదలుపెట్టే లోపే అతనే ఎత్తాడు. "అప్పుడు మీ అందరికీ చాలా నష్టం చేశానండీ."

"నువ్వు తాకించి చూశావు కదా, రాంబాబూ" అన్నాను.

"చూశాననే అనుకున్నానండీ చాన్నాళ్ళు. లైటు కూడా కళ్ళకి కట్టినట్టు ఉండేదండీ. కానీ మీరు పక్కనే ఉన్నారు, మీరు లేదన్నారు. మీరు అబద్ధమెందుకాడతారండీ? రోజూ చేసే పని కదా, ముందురోజుది ఆ రోజుదనుకుని ఉంటాను. తాగిన మాట నిజమే కదండీ. ఇప్పుడు మోటారు స్విచ్చి కట్టేసి కూడా రెండుసార్లు వెనక్కొచ్చి చూసుకుంటానండీ. మా ఆవిడ నవ్వుద్ది."

నేను అతని ఉద్యోగం మాత్రమే పోగొట్టాననుకుంటూ వచ్చాను. అతని కళ్ళు చూసిన దాన్ని అతనే నమ్మకుండా చేశానని ఆ గట్టు మీద తెలిసింది. ఇక ఆగలేకపోయాను. చెప్పాను. బొట్టు, బొటనవేలు, రుమాలు, తల ఊపడం, అన్నీ. తడబడుతూ, వెనకవి ముందు, ముందువి వెనక చెప్పాను.

అతను అరవలేదు. నా కుర్చీ పక్కనే గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. "నట్టుకి ఏ పక్కనండీ?"

చూపుడు వేలితో గాలిలో చూపించాను.

"ముద్ద ఎంతుంటదండీ?"

చెప్పాను.

"అంటే వెలిగిందన్నమాట" అన్నాడు. నాతో కాదు. కుడిచెయ్యి తనకు తెలియకుండానే లేచి, లేని ప్లేటుని లేని బిట్టుకి తాకించింది. చూపుడు వేలి గోరు వంకరగా పెరిగి ఉంది. "వెలిగింది" అని మళ్ళీ అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

నేను క్షమాపణ అడగబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు దీన్ని నేనేం చేసుకోవాలండీ?" అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. కాసేపటికి లేచి సంచుల దగ్గరికి వెళ్ళి తాళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను బయల్దేరుతుంటే తలెత్తకుండానే, "గట్టు జారుద్దండీ, చూసి నడవండి" అన్నాడు.

మర్నాడు షాపులో ప్రసాద్‌గారికీ సూర్యానికీ చెప్పాను. సూర్యం చేతిలో ఉన్న ఉప్పుకాగితం కింద పెట్టి నన్ను చూశాడు. "ఆ పేరు పెట్టింది నేనండీ" అని మాత్రం అని బయటికి వెళ్ళిపోయాడు. ప్రసాద్‌గారు తలుపు దగ్గరగా వేసి, "పంతులుగారూ, అయిపోయిందేదో అయిపోయింది. ఇది మనలోనే ఉంచండి. షాపు పేరు కూడా చూడాలి కదండీ" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. కానీ మనలోనే ఉంచడమన్నది ఇన్నాళ్ళూ నేను చేసిన పనే. అందుకే ఇలా బయట పెట్టాను.

రాంబాబు నుంచి ఫోను రాలేదు. వస్తుందని ఎదురుచూడటం లేదు. అతను నన్ను క్షమించాలని కోరుకునే అర్హత నాకు ఉందో లేదో నేను తేల్చుకోలేదు. అది తేల్చాల్సింది నేను కాదు. ఒక్క సంగతి మాత్రం దాచకుండా చెబుతాను. ఆ ఆదివారం మండవల్లి నుంచి తిరిగొచ్చే బస్సులో, కొల్లేటి మీద ఎండ పడుతుంటే, కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. ఒక మనిషి చేతిలో అంత బరువు పెట్టి వచ్చి, చంటిపిల్లాడిలా నిద్రపోయాను. ఏలూరు వచ్చాక కండక్టరు తట్టి లేపాడు. దిగి నడుస్తుంటే ఒళ్ళు తేలికగా ఉంది. ఆ తేలికదనం నాకు దక్కాల్సింది కాదని తెలుసు. సిగ్గుగానే ఉంది. అయినా తేలికగా ఉంది.